కేర్‌టేకర్ శిక్షణలో చేరే ముందు ఫీజు గురించి కాదు, వార్డు గురించి అడగండి

రాజాం దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు 26 ఏళ్లు. పదో తరగతి పాసయ్యారు, ఇంటర్ రెండో సంవత్సరంలో రెండు సబ్జెక్టులు తప్పి చదువు ఆపేశారు. పక్షవాతంతో మంచం పట్టిన మామగారికి రెండేళ్లుగా అన్నీ తానే చేస్తున్నారు. ఇటీవల ఒక శిక్షణ సంస్థ వారు ఊళ్లోకి వచ్చి, మూడు నెలల కోర్సు, 70 వేల ఫీజు, సర్టిఫికెట్ రాగానే కెనడాలో 'పర్సనల్ సపోర్ట్ వర్కర్' ఉద్యోగం అని చెప్పారట. గాజులు తాకట్టు పెట్టి చేరవచ్చా, అసలు ఈ పని మంచిదేనా అని అడుగుతున్నారు. మాటల మధ్యలో, మామగారి మడమ ఎర్రబడిందని, రోజూ కొబ్బరి నూనె రాసి గట్టిగా మర్దన చేస్తున్నానని కూడా రాశారు.

నేను 27 ఏళ్లు స్టాఫ్ నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా మన ఉత్తరాంధ్ర ఆసుపత్రుల్లో పనిచేశాను. ఎనిమిదేళ్లుగా విజయనగరంలో ఈ పనికి వచ్చే ఆడపిల్లలకు, కుర్రవాళ్లకు నేర్పుతున్నాను. నా సమాధానం ముందే చెబుతాను. ఈ పనిలోకి తప్పకుండా రండి. ఆ 70 వేలు మాత్రం కట్టకండి, గాజులు తాకట్టు పెట్టకండి. ఇదే శిక్షణ ఉచితంగా దొరికే దారులున్నాయి. కెనడా మాట నమ్మి చేరవద్దు. ఏ సంస్థలో చేరినా ఒక్కటే చూసుకోండి: నిజమైన రోగుల మధ్య, నిజమైన వార్డులో, పక్కన ఒక సిస్టర్ నిలబడి చూస్తుండగా మీ చేతులతో ఎన్ని రోజులు పని చేయిస్తారు? మిగతావన్నీ దాని తర్వాతే.

కోర్సు సంగతికి వెళ్లే ముందు మీ మామగారి మడమ గురించి చెప్పాలి, అది ఆగే విషయం కాదు. మర్దన ఈ రోజే ఆపేయండి. ఎముక మీద ఎర్రబడిన చోట చర్మం కింద రక్తం ఆడక కండ అప్పటికే నలిగి ఉండవచ్చు. గట్టిగా రుద్దితే అది ఇంకా చితికిపోతుంది. ఎర్రగా ఉన్న చోట వేలితో కొద్ది క్షణాలు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉందని అర్థం. నొక్కినా తెల్లబడకపోతే అది పడక పుండుకు మొదటి మెట్టు. మన వంటి రంగులో ఎరుపు సరిగా కనబడదు కాబట్టి వేడిగా ఉందా, చుట్టుపక్కల చర్మం కంటే గట్టిగా గానీ మెత్తగా గానీ తగులుతోందా, ఊదారంగు తిరిగిందా అని కూడా చూడండి. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాలిలో తేలేలా ఉంచండి. మడమ కింద దిండు పెట్టకూడదు, రింగులా చుట్టిన గుడ్డ అసలే వద్దు, అది చుట్టూ ఒత్తి రక్తాన్ని ఇంకా ఆపుతుంది. నడుము కింద ఎముక, తుంటి ఎముకలు, మోచేతులు, భుజం రెక్కలు, తల వెనుక భాగం కూడా ఈ రోజే చూడండి. చర్మం చిట్లినా, నీరు కారినా, రంగు నల్లబడినా పీహెచ్‌సీకి కబురు పెట్టండి.

ఇప్పుడు కోర్సు. కెనడాలో పర్సనల్ సపోర్ట్ వర్కర్ అనే పనిని మన దగ్గర రెండు పేర్లతో నేర్పుతారు. ఆసుపత్రిలో చేసేవారు జనరల్ డ్యూటీ అసిస్టెంట్, ఇంట్లో చేసేవారు హోమ్ హెల్త్ ఎయిడ్. జనం నోట మాత్రం రెండూ కేర్‌టేకర్ పనే. ఈ రెండింటికీ జాతీయ స్థాయిలో హెల్త్‌కేర్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ తయారుచేసిన పాఠ్యక్రమం ఉంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సుకు హెచ్ఎస్ఎస్/క్యూ5101, హోమ్ హెల్త్ ఎయిడ్‌కు హెచ్ఎస్ఎస్/క్యూ5102 అనే సంకేతాలు చాలా కాలంగా వాడుకలో ఉన్నాయి. సంస్థ వాళ్లను ఆ సంకేతం అడగండి. సర్టిఫికెట్ మీద ఎన్‌సీవీఈటీ, అంటే వృత్తి శిక్షణను నియంత్రించే జాతీయ మండలి, గుర్తింపు ఉంటుందా అని అడగండి. సంస్థ తన పేరుతో అచ్చువేసుకునే రంగు కాగితానికి పెద్ద ఆసుపత్రిలో విలువ ఉండదు. ఏటా అలాంటి కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఏడ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

ఉచిత దారుల్లో మొదటిది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. గ్రామాల్లోని పేద కుటుంబాల యువతకు ఫీజు లేకుండా శిక్షణ ఇచ్చి, ఉద్యోగం చూపించే పథకం ఇది. మామూలుగా 35 ఏళ్ల వరకు, ఆడవారికి 45 ఏళ్ల వరకు అవకాశం ఇస్తారు. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే సంస్థ నడుపుతుంది. మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నారా? ఉంటే మీ సంఘం లీడరు ద్వారా వెలుగు కార్యాలయంలో అడిగితే, ఏ కేంద్రంలో ఆరోగ్యరంగం బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో చెబుతారు. రెండోది రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నడిపే కేంద్రాలు. మీ మండలంలోనే ఉండాలని పట్టుబట్టకండి. బ్యాచ్ శ్రీకాకుళంలో ఉంటే శ్రీకాకుళం, విశాఖలో ఉంటే విశాఖ వెళ్లండి. మరో దారి కూడా ఉంది. ముందే పని నేర్చుకుని ఉన్నవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి. రెండేళ్లు ఒక మనిషిని మంచం మీద చూసుకున్న మీలాంటివారికి అది సరిపోతుందనిపించవచ్చు. అయినా నేను వద్దంటాను. ఇంట్లో ఒక్క రోగి దగ్గర నేర్చుకున్న చేతిలో మంచి ఓపిక ఉంటుంది, కొన్ని తప్పులూ గట్టిపడి ఉంటాయి. మీ కొబ్బరి నూనె మర్దన వాటిలో ఒకటి. అవి వార్డులోనే సరిదిద్దుకోగలరు.

వార్డు రోజుల గురించి కొంచెం వివరంగా చెబుతాను, నా సమాధానమంతా దీని మీదే నిలబడి ఉంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు సంస్థను బట్టి మూడు నెలల నుంచి ఆరు నెలలు ఉంటుంది. అందులో తరగతి గదిలో బొమ్మ మీద నేర్చుకునేది కొంత, ఆసుపత్రిలో నేర్చుకునేది కొంత. ఆ రెండో భాగాన్నే చాలామంది సంస్థలవారు దొంగిలిస్తారు. ఈ మాట కోపంతోనే అంటున్నాను. కాగితం మీద ఆసుపత్రి శిక్షణ అని రాసి, పిల్లలను నాలుగు రోజులు ఓపీ దగ్గర చీటీలు రాయించి పంపేసిన చోట్లు నాకు తెలుసు. అలా వచ్చిన ఒక అమ్మాయికి నేను మొదటి రోజు ఒక తాతగారిని పక్కకు తిప్పమన్నాను. పుస్తకంలోని మెట్లన్నీ వరుసగా అప్పజెప్పింది. మనిషి బరువు చేతి మీద పడేసరికి ఆయన చంకలో చెయ్యి వేసి లాగింది. పక్షవాతం వచ్చిన చెయ్యి అది. ఆ భుజాన్ని అలా లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పోదు. నేను ఆపబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. బొమ్మకు భుజం నొప్పి పుట్టదు, బొమ్మ ఎప్పుడూ అరవదు కదా.

కాబట్టి సంస్థకు వెళ్లినప్పుడు ఇలా అడగండి: ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది? ఆ ఆసుపత్రికి నేను వెళ్లి మీ బ్యాచ్ పిల్లలను పని చేస్తుండగా చూడవచ్చా? మెడిసిన్ వార్డు, ఎముకల వార్డు, ఐసీయూ బయటి వార్డు, వీటిలో ఎన్ని రోజులు? రాత్రి షిఫ్టు ఉంటుందా? శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గానీ, నెల్లిమర్ల మిమ్స్, రాగోలు జెమ్స్ లాంటి వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గానీ రోగుల రద్దీ ఎక్కువ. అలాంటి చోట నెల రోజులు నిలబడితే మీ చేతికి వచ్చే అనుభవం, పది పడకల నర్సింగ్ హోంలో ఆరు నెలలు ఉన్నా రాదు. సంస్థవారు ఆసుపత్రి పేరు చెప్పడానికి తడబడితే లేచి వచ్చేయండి.

అక్కడ మీరు నేర్చుకోవలసింది ఏమిటో కొన్ని చెబుతాను. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి, మనిషి బతుకు వీటి మీదే ఆధారపడుతుంది.

చేతులు కడగడం. సబ్బు, నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతికి రాసుకునే ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత, శుభ్రమైన పని చేసే ముందు, మలమూత్రాలు, రక్తం తగిలాక, రోగి మంచం చుట్టూ ఉన్న వస్తువులు ముట్టుకున్నాక. నా దగ్గర మొదటి వారమంతా ఇదే. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కున్నా నేర్పుతాను.

తిప్పడం. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే తుంటి ఎముక మీద బరువంతా పడుతుంది. వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు వాలుగా ఉంచాలి. లాగకూడదు, ఈడ్చకూడదు, కింద పరిచిన దుప్పటిని ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపాలి. మన పల్లెల్లో చాలామంది ఇంకా నులక మంచం మీదే ఉంటారు. నులక కుంగి నడుము దిగబడుతుంది, అక్కడే పుండు మొదలవుతుంది. మంచం మార్చగలిగితే మార్చమని, లేకపోతే నులక బిగించి పరుపు వేయమని కుటుంబాన్ని ఒప్పించడం కూడా మీ పనే.

గజపతినగరం వైపు ఒక ఇంట్లో తుంటి విరిగిన పెద్దాయనను చూడటానికి నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి వెళ్లింది. వెళ్లిన నాలుగో రోజున నడుము కింద ఎరుపు చూసింది. తన తప్పని తిడతారేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. పౌడరు చల్లి కప్పింది. పదకొండో రోజున నాకు ఫోను చేసింది, అప్పటికే చీము పట్టింది. ఆయన కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఈ పనిలోనే ఉంది, ఎంతో మంచి పనిమంతురాలు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఆమెనే పిలిచి ఈ సంగతి చెప్పిస్తాను. కనబడింది కనబడిన రోజే చెప్పాలి. తిట్లు ఒక పూటలో పోతాయి, పుండు పోదు.

తినిపించడం. పక్షవాతం వచ్చినవారికి మింగే కండరాలు కూడా పట్టు తప్పి ఉండవచ్చు. పడుకోబెట్టి అన్నం పెడితే మెతుకు ఊపిరి గొట్టంలోకి పోతుంది. దగ్గు రాకుండానే పోవచ్చు, రెండు రోజుల తర్వాత జ్వరం, న్యుమోనియా వస్తాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమని చెప్పి, బాగున్న వైపు నోట్లో చిన్న ముద్ద పెట్టాలి. మింగాక బుగ్గ లోపల మిగిలిందేమో చూడాలి. నీళ్లలాంటి పలుచని వాటికే ఎక్కువగా పొలమారుతుంది. ముక్కు గొట్టం ఉన్నవారికి మన వైపు చోడి (రాగి) జావ పోస్తారు. వడకట్టకుండా పోస్తే గొట్టం పూడుకుపోతుంది. పోసేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. పోశాక మంచినీళ్లతో గొట్టం కడగాలి, కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. గొట్టం జరిగిందేమోనన్న అనుమానం వస్తే ఒక్క చుక్క కూడా పోయకుండా నర్సుకు చెప్పాలి.

బట్టలు తొడగడంలో పట్టు తప్పిన చెయ్యి ముందు, విప్పడంలో బాగున్న చెయ్యి ముందు. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు చక్రాల కుర్చీని రోగికి బలం ఉన్న వైపు పెట్టి, బ్రేకు వేయాలి. మూత్రం సంచి ఎప్పుడూ పొట్ట కంటే కిందికి ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఇవి చదివితే గుర్తుండవు, చేస్తే మరిచిపోరు.

శ్రీకాకుళం జిల్లాలో పని చేయదలచిన వారికి ఒక ప్రత్యేకమైన మాట. మనకు ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనందరికీ తెలుసు. అసలు కారణం ఇదీ అని నేటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి వచ్చే మనుషులకు మిగిలిన రోజుల్లో ఇంటి దగ్గర తోడు కావాలి. ఆ తోడు తెలిసినవారైతే మనిషి ఆయుష్షే మారిపోతుంది. మామూలు కోర్సులో ఈ భాగం చాలా తక్కువగా చెబుతారు, మీరు పట్టుబట్టి నేర్చుకోండి.

డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేస్తారు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, సూది గుచ్చకూడదు, బరువు మోయించకూడదు, ఆ చెయ్యి కింద పడేలా నిద్రపోనివ్వకూడదు. రోజూ వేళ్లు ఆనించి చూస్తే లోపల జుమ్మని ఒక ప్రకంపన తెలుస్తుంది. అది తెలియకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి ఫోను చేయాలి. సోంపేట వైపు ఒక ఇంట్లో కొత్తగా చేరిన కుర్రవాడు తెలియక ఫిస్టులా చేతికే బీపీ చూశాడు. మర్నాటికి ప్రకంపన ఆగిపోయింది. మళ్లీ మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పట్టీ వల్లే ఆగిందా, ముందే ఆగబోతోందా అన్నది నేను చెప్పలేను. కానీ ఆ చెయ్యి ముట్టుకోకూడదని అతనికి ఎవరూ నేర్పలేదన్నది నిజం.

ఇంకొకటి కొబ్బరి నీళ్లు. ఉద్దానమంటేనే కొబ్బరి, జీడిమామిడి తోటలు. నీరసంగా ఉన్న మనిషికి బోండాం కొట్టి ఇవ్వడం మన ప్రేమ. కొబ్బరి నీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. పనిచేయని కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కవిటి వైపు పని చేస్తున్న నా విద్యార్థిని ఒకామె, పక్కింటివారు తెచ్చిన బోండాన్ని చేతులు జోడించి తిప్పి పంపింది. వాళ్లు నొచ్చుకున్నారు, కొన్ని రోజులు మాట్లాడలేదు. డయాలసిస్ సిస్టర్ చేత వాళ్లకు ఫోనులో చెప్పించింది. ఇప్పుడు ఆ వీధిలో డయాలసిస్ రోగి ఉన్న ఏ ఇంటికీ బోండాం వెళ్లదు. ఈ పనిలో సగం ఇలాంటిదే, మంచి మనసుతో చేసే చెడుపును నొప్పించకుండా ఆపడం. తాగే నీళ్లు కూడా డాక్టర్ చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వాలి, మజ్జిగ, చారు, టీ అన్నీ ఆ కొలతలోకే వస్తాయి.

మీరు చేయకూడనివి కూడా చెప్పాలి. ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్ పెట్టడం, మూత్రం గొట్టం వేయడం లేదా మార్చడం, సొంతంగా మందు మార్చడం, లోతైన పుండుకు కట్టు కట్టడం జనరల్ డ్యూటీ అసిస్టెంట్ పనులు కావు. కుటుంబాలు అడుగుతాయి. 'నువ్వు నర్సువే కదమ్మా, ఒక సూది వేసెయ్యి' అంటారు. కొన్ని ఏజెన్సీలు మిమ్మల్ని 'హోమ్ నర్స్' అని చెప్పి పంపుతాయి. ఒప్పుకోకండి. ఏదైనా జరిగితే కుటుంబమూ ఏజెన్సీ పక్కకు తప్పుకుంటాయి, నిలబడేది మీరు ఒక్కరే. నేను నర్సును కాను, కేర్‌టేకర్‌ను అని మొదటి రోజే చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు.

కెనడా గురించి. పర్సనల్ సపోర్ట్ వర్కర్ అన్న పేరు ఎక్కువగా అంటారియో రాష్ట్రంలో వాడుకలో ఉంది. అక్కడ ఆ పని చేయడానికి అక్కడి కళాశాలల్లో నడిచే కోర్సు ఉంటుంది. మన మూడు నెలల సర్టిఫికెట్ దానికి సమానమని ఎవరు చెప్పినా నమ్మకండి. ఇంటి సంరక్షణ పనివారికి శాశ్వత నివాసం ఇచ్చే కొత్త పథకాన్ని కెనడా 2025 మార్చి 31న ప్రారంభించింది. అప్పుడు తెరిచింది ఇప్పటికే కెనడాలో ఉన్నవారి విభాగాన్నే, దాని కోటా వెంటనే నిండిపోయింది. బయటి దేశాల్లో ఉన్నవారి విభాగాన్ని అప్పుడు తెరవలేదు. దానికి కూడా ఇంగ్లీషు పరీక్ష, ఉన్నత పాఠశాల చదువుకు సమానమైన విద్యార్హత, అనుభవం లేదా శిక్షణ, ఉద్యోగమిచ్చేవారి నుంచి ఉత్తరం కావాలని నిబంధన పెట్టారు. బ్రిటన్ కూడా 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేసింది. ఏజెంట్లు ఇవేమీ చెప్పరు.

విదేశం వెళ్లాలన్న కోరిక తప్పు కాదు. దారి ఉన్న దేశం జపాన్. వృద్ధుల సంరక్షణ పనికి అక్కడివారు మన దేశం నుంచి కూడా మనుషులను తీసుకుంటున్నారు. జపాను భాషలో ఎన్4 స్థాయి లేదా దానికి సమానమైన పరీక్ష, సంరక్షణ నైపుణ్య పరీక్ష, సంరక్షణ పనికి సంబంధించిన భాషా పరీక్ష, మూడూ పాసవ్వాలి. దాదాపు ఏడాది గట్టిగా చదవాలి. ఏ దేశమైనా, పంపేవారికి భారత ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతవరకే. మూడు లక్షలు, ఐదు లక్షలు అడిగేవాడు అక్కడే చట్టం దాటాడు.

నాకు దీనికంటే ముఖ్యంగా కనిపించేది మీ ఇంటర్. ఆ రెండు సబ్జెక్టులు వదలకండి. కేర్‌టేకర్‌గా పదేళ్లు చేసినా మీ జీతం ఒక గోడ దగ్గర ఆగుతుంది. ఆ గోడ దాటించేది ఏఎన్ఎం. రెండేళ్ల కోర్సు, ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా అర్హులే, 35 ఏళ్ల వరకు చేరవచ్చు. మీకు ఇంకా తొమ్మిదేళ్లు ఉన్నాయి. సప్లిమెంటరీ రాయండి, కుదరకపోతే ఏపీ ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ పూర్తి చేయండి. కేర్‌టేకర్‌గా పని చేస్తూనే చదవవచ్చు, రాత్రి షిఫ్టులో రోగి నిద్రపోయినప్పుడు పుస్తకం తీసినవారు నా దగ్గర చాలామంది ఉన్నారు. అలా చదివి ఏఎన్ఎం అయి, ఇప్పుడు పార్వతీపురం వైపు సబ్ సెంటర్‌లో పని చేస్తున్న అమ్మాయి ఉంది. ఆమె మొదట నా దగ్గరికి వచ్చినప్పుడు థర్మామీటరు పట్టుకోవడం కూడా తెలియదు.

ఉద్యోగం దొరికాక కొన్ని జాగ్రత్తలు. మన జిల్లా ఆసుపత్రుల్లో జీతం తక్కువ, ఇంటికి దగ్గర. విశాఖలో, హైదరాబాదులో 24 గంటలు ఇంట్లోనే ఉండే పనికి ఎక్కువ ఇస్తారు. కానీ ఏజెన్సీ కుటుంబం దగ్గర ఎంత తీసుకుంటోంది, మీకు ఎంత ఇస్తోంది అన్నది కాగితం మీద ఉండాలి. ఎన్ని గంటలు నిద్ర, వారానికి ఎన్ని సెలవులు, పడుకోవడానికి విడిగా తలుపున్న గది ఉందా, ఇంటి పని కూడా చేయించుకుంటారా, ఇవన్నీ వెళ్లే ముందే మాట్లాడుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్ గానీ ఆధార్ గానీ అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. నకళ్లు చాలు. అసలువి పట్టుకుని పని మానకుండా ఆపిన ఏజెన్సీ నుంచి ఒక పిల్లను బయటికి తేవడానికి మేం పోలీస్ స్టేషను దాకా వెళ్లవలసి వచ్చింది. మొదటి వారం రోజూ ఒకే సమయానికి మీ ఇంటికి ఫోను చేయండి. చేయని రోజు ఏదో జరిగిందని మీవారికి అర్థం కావాలి.

మీ ఒంటి సంగతి కూడా. హెపటైటిస్-బీ టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు వేయించుకోండి. శిక్షణ మొదలు కాకముందే మొదటిది పడాలి. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి. ఈ పనిలో నడుము నొప్పితో వదిలేసినవారే ఎక్కువ.

మీరు రాసిన చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 'ఇది ఆయా పని అని, మగవాళ్ల ఒళ్లు కడిగే పని అని చుట్టాలు అంటున్నారు' అన్నారు. అంటారు. నన్నూ అన్నారు, నర్సుగా చేరిన రోజుల్లో మా పెద్దనాన్నగారు రెండేళ్లు మా ఇంటికి రాలేదు. ఆయన చివరి పద్దెనిమిది రోజులు నేను పని చేసే వార్డులోనే గడిచాయి. ఆయన ఒళ్లు తుడిచింది నేనే. దుప్పటి కప్పి ఉంచి, ఎంతవరకు తుడుస్తామో అంతవరకే తీసి, తుడిచి, మళ్లీ కప్పి, తర్వాతి భాగానికి వెళ్లడం మాకు మొదటి నెలలోనే నేర్పుతారు. రోగి సిగ్గును కాపాడటం కోసం ఆ పద్ధతి. ఆయన నా వైపు చూడలేక కళ్లు మూసుకున్నారు, మూడో రోజు నుంచి తెరిచారు. మీ మామగారికి రెండేళ్లుగా మీరు చేస్తున్నది ఇదే. ఇంట్లో చేస్తే సేవ అనేవాళ్లు, జీతం తీసుకుని చేస్తే తక్కువ పని అంటే వినవలసిన అవసరం లేదు. అయితే మీ భర్తతో మాత్రం ముందే విడమరిచి మాట్లాడండి. మగ రోగుల దగ్గర పని చేయడం ఇష్టం లేకపోతే ఆడవారి వార్డు, బాలింతల సంరక్షణ అని ఏజెన్సీకి స్పష్టంగా చెప్పవచ్చు. అలా పని చేసేవారికీ గిరాకీ బాగా ఉంది.

మీరు శిక్షణకు వెళితే మీ మామగారిని ఎవరు చూస్తారన్నది మీరు అడగలేదు, నేను అడుగుతున్నాను. శిక్షణ చాలా చోట్ల హాస్టల్‌లో ఉండి చేసేదే. వెళ్లే ముందు పదిహేను రోజులు మీ భర్తకు నేర్పండి. మీరు చేస్తుంటే ఆయన చూడటం కాదు, ఆయన చేస్తుంటే మీరు చూడండి. తిప్పడం, తినిపించడం, పిక్కల కింద దిండు పెట్టడం, చర్మం చూడటం. గోడ మీద ఒక కాగితం అంటించి, తిప్పిన ప్రతిసారీ సమయం, ఏ పక్కకు తిప్పారో రాయించండి. మధ్యాహ్నం ఆయన పొలానికి వెళితే ఆ రెండు మూడు సార్లు ఎవరు తిప్పుతారో, మీ అత్తగారా, పక్కింటివారా, వాళ్ల పేరు కూడా ఆ కాగితం మీద రాయండి. ఆ పదిహేను రోజుల కాగితాలు పారేయకుండా దాచి, శిక్షణలో చేర్చుకునే రోజున వెంట తీసుకెళ్లి చూపించండి. నేను చేర్చుకునేదాన్నైతే ఆ కాగితాలు చూశాక ఇంకేమీ అడగను. మడమ ఎలా ఉందో మూడు రోజుల తర్వాత ఇక్కడ రాయండి.